ఒక్క టీచరున్న బడిలో చదువు గంట నిలబెట్టుకోవడం

60 మంది పిల్లల దాకా ఉన్న ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా ఏకోపాధ్యాయ బడులున్నాయి. అక్కడ మనిషిని కుంగదీసేది ఐదు తరగతుల పని కాదు, సాయంత్రం తాళం వేస్తూ ఇవాళ ఏం చెప్పామో గుర్తురాకపోవడం. పిల్లలకు చదవడం వస్తున్నట్టు కళ్లకు కనబడితేనే ఈ ఉద్యోగంలో ఉండబుద్ధవుతుంది. అందుకు రోజూ పొద్దున ఒక గంట చదివించడానికే కాపాడుకోవాలి.

గడువున్న హాజరు, భోజనం లెక్క ప్రార్థన అవగానే ఫోన్‌లో పంపేయండి. మిగతా ఫొటోలు, ఫారాలు బడి వదిలే ముందు చూసుకోవచ్చు. సిగ్నల్ కోసం గోడ దగ్గర నిలబడ్డారా, పొద్దుటి గంట పోయినట్టే.

పిల్లల్ని తరగతిని బట్టి కాక చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టండి: అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ధారాళంగా చదివేవాళ్లు. ఒక్కొక్కరి చేత చూడని పాఠం ఒక నిమిషం చదివిస్తే స్థాయి తెలుస్తుంది. చూసిన పాఠమైతే బట్టీ అప్పజెప్పేస్తారు; వేలు ఒక వరుస మీద, నోరు ఇంకో వరుస మీద. అనుమానమొస్తే చివరి పదం నుంచి వెనక్కి చదివించండి. నాలుగో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో పడితే చిన్నబుచ్చుకుంటాడు, గుంపుకి అక్షరాల కార్డులు చూపించే పని వాడికివ్వండి.

ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గరే. 'పిల్లి'ని 'పిలిల' అంటారు. తప్పు వాళ్లది కాదు: గుడి (ఇకారం గుర్తు) పై అక్షరం మీద కనిపిస్తుంది, పలకాల్సింది కింది ఒత్తుతో. పైగా త, న, మ, య, ర ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు. కాబట్టి గడ్డి, మబ్బు, పప్పు లాంటి పోలికున్న వాటితో మొదలుపెట్టి, అత్త, అన్న, అమ్మ, బర్రెలకు రండి. నోటికి తెలిసిన మాట గనుక కన్ను త్వరగా పట్టుకుంటుంది. భక్తి, పద్మ వంటి సంయుక్తాలు ఆ తర్వాతే. రోజుకు రెండు ఒత్తులు చాలు.

గొంతు పెంచకండి; మీరు అరిస్తే గది ఇంకా అరుస్తుంది. చెబుతున్న గుంపు మధ్య కింద కూర్చుంటే మామూలు మాట సరిపోతుంది, మిగతావాళ్లకు రాతపని ముందే బోర్డు మీద ఉండాలి.

ఒక నోటుబుక్కులో పిల్లకో పేజీ. 15 రోజులకోసారి ఒక్కొక్కరి చేత మళ్లీ ఒక నిమిషం చదివించి తేదీ, తడబడిన పదాలు మాత్రమే రాయండి. 20 మందికి అరగంట పైనే పడుతుంది, రెండ్రోజులు చేసుకోండి. పనికిమాలినట్టు గడిచిన రోజున ఆ పేజీలు వెనక్కి తిప్పి చూడండి, జూన్‌లో రాసుకున్న 'పిలిల' కనిపిస్తుంది. బదిలీ అయితే ఆ పుస్తకం బీరువాలో ఉంచి వెళ్లండి. లేకపోతే వచ్చేవారు మళ్లీ మొదటి నిమిషం నుంచి మొదలెట్టాలి.