సూపర్‌కంప్యూటర్‌లో మొదటి జాబ్: బరంపురం, పర్లాకిమిడి వైపు పరిశోధక విద్యార్థులకు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఆ తరువాతి వానతో మా గజపతి జిల్లా కొండవాగులను పొంగించింది. ఆ వర్షాన్ని కంప్యూటరులో మళ్లీ లెక్కకట్టి చూడాలని పర్లాకిమిడి విద్యార్థి ఒకరు అనుకున్నారనుకుందాం. వాతావరణ పరిశోధకులు వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌లో ప్రాంతాన్ని విడదీసే ఒక్కో గడి వెడల్పును 9 కిలోమీటర్ల నుంచి 3 కిలోమీటర్లకు తగ్గిస్తే, అంతే ప్రాంతానికి గడుల సంఖ్య 9 రెట్లవుతుంది. లెక్క ఒక్కో అడుగులో దాటే కాలాన్ని కూడా మూడో వంతుకు కుదించాలి కాబట్టి మొత్తం పని 27 రెట్లవుతుంది. ల్యాప్‌టాప్‌కు ఇది మోయలేని బరువు. విశ్వవిద్యాలయాల సూపర్‌కంప్యూటింగ్ కేంద్రాలు ఉన్నది ఇటువంటి పనుల కోసమే. అక్కడి యంత్రానికి మనం అప్పగించే ఒక్కో లెక్కను జాబ్ అంటారు.

2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వారణాసి ఐఐటీ బీహెచ్‌యూలో పరమ్ శివాయ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో పరమ్ శక్తి, హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవా వంటి యంత్రాలు వచ్చాయి. ఖాతా కోసం సాధారణంగా మీ గైడ్ పేరుతోనే దరఖాస్తు వెళ్లాలి. బయటి సంస్థల వారికి అవకాశం ఉందా, రుసుము ఎంత అన్నది ఒక్కో కేంద్రంలో ఒక్కో తీరుగా ఉంటుంది కనుక నిబంధనలు ముందే చదవండి. దరఖాస్తులో కోర్-గంటలు (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్క చేసే ఒక్కో భాగం) అడుగుతారు: 32 కోర్లు 10 గంటలు నడిస్తే 320 కోర్-గంటలు. ఊహించి పెద్ద అంకె వేయకుండా, చిన్న నమూనాను నడిపి, దానికి పట్టిన కాలాన్ని బట్టి లెక్క చూపండి.

ఖాతా వచ్చాక ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా మీరు చేరేది లాగిన్ నోడ్ అనే ప్రవేశ కంప్యూటరు. అది అందరూ నడిచే వాకిలి వంటిది. అక్కడ ఫైళ్లు దిద్దుకోవచ్చు, జాబ్ పంపవచ్చు, అసలు లెక్క మాత్రం నడపకూడదు. నేను మొదటి వారంలోనే తెలియక అక్కడే ప్రోగ్రాం నడిపాను. గంట తిరగకముందే దాన్ని ఆపేశారు. ఆ గంటసేపు ఇతరుల పని నెమ్మదించిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లెక్కను జాబ్ స్క్రిప్టుగా (యంత్రానికి ఆదేశాలున్న చిన్న ఫైలుగా) రాసి, స్లర్మ్ (జాబులను వరుసలో పెట్టి కోర్లను పంచే సాఫ్ట్‌వేర్) ఉన్న చోట ఎస్‌బ్యాచ్ ఆదేశంతో వరుసలో పెట్టాలి. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంత సమయం కావాలో ఆ స్క్రిప్టులోనే చెప్పాలి. నా దృష్టిలో ఈ విద్య అంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. మన పెళ్లిళ్ల బంతి భోజనాన్ని తలచుకోండి: పదిమంది కలిసి కూర్చోవాలంటే పది విస్తళ్లు ఒకేచోట ఖాళీ అయ్యేదాకా నిలబడాలి, ఒక్కరే అయితే మధ్యలో ఖాళీ అయిన విస్తరి ముందు కూర్చోవచ్చు. పెద్ద జాబుల మధ్య మిగిలే ఖాళీల్లో చిన్న జాబులను స్లర్మ్ ఇదే విధంగా ఇముడ్చుతుంది. అయితే అడిగిన సమయం దాటితే జాబ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కనుక పరీక్షలో పట్టిన కాలానికి నాలుగో వంతు కలిపి అడగడం మేలు.

కోర్లు పెంచినకొద్దీ వేగం పెరుగుతుందన్న నమ్మకాన్ని మాత్రం వదిలిపెట్టాలి. ప్రోగ్రాంలో 5 శాతం పని కోర్ల మధ్య విడదీయలేనిదైతే, ఆమ్డాల్ సూత్రం ప్రకారం 64 కోర్లు పెట్టినా వేగం సుమారు 15 రెట్లే పెరుగుతుంది; ఎన్ని వేల కోర్లు పెట్టినా 20 రెట్లు దాటదు. 4, 8, 16, 32 కోర్లతో ఒకే చిన్న లెక్కను నడిపి, కాలం తగ్గడం ఎక్కడ మందగించిందో అక్కడే ఆగండి. మిగిలిన కోర్లు మరొకరి పరిశోధనకు పనికివస్తాయి.

ఫలితాలు చాలా చోట్ల స్క్రాచ్ అనే తాత్కాలిక డిస్కులో పడతాయి. అక్కడి పాత ఫైళ్లను గడువు తీరాక తొలగిస్తారు, బ్యాకప్ ఉండదు. జాబ్ ముగిసిన రోజే ముఖ్యమైనవి దించుకోండి. వానాకాలంలో మన వైపు నెట్ తెగుతూ ఉంటుంది కాబట్టి మామూలు కాపీ కాకుండా, ఫైళ్లు దించే ప్రోగ్రాం అయిన ఆర్‌సింక్ వాడి, సగంలో ఆగిన ఫైలును అక్కడినుంచే కొనసాగించే ఐచ్ఛికం పెట్టుకోవాలి. నెట్ పోయినా వరుసలో ఉన్న జాబ్‌కు ఏమీ కాదు. సుదీర్ఘమైన లెక్కలకు నడుమనడుమ, లెక్క అప్పటిదాకా చేరిన స్థితిని దాచే రీస్టార్ట్ ఫైళ్లు రాయించండి. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో ఆ వ్యవధిని నిమిషాల్లో ఇస్తారు. అలా చేస్తే మూడో రోజు జాబ్ ఆగినా మొదటి రోజుకు వెళ్లనక్కరలేదు.

జాబ్ విఫలమైతే కేంద్రం సిబ్బందికి రాయడానికి జంకవద్దు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన మన పిల్లలు ఇంగ్లీషులో మెయిల్ రాయవలసి వస్తే వెనకాడడం నేను చాలాసార్లు చూశాను. దానికి గొప్ప భాష అక్కరలేదు: జాబ్ నంబరు, స్క్రిప్టు ఉన్న ఫోల్డరు దారి, ఎర్రర్ ఫైలులోని చివరి ఇరవై వరుసలు, అంతకుముందు ఏమి మార్చారో ఒక్క వాక్యం, ఇవి ఉంటే సిబ్బందికి కావలసినది చాలావరకు అందినట్లే.