కాలేజీ ట్రాక్ కోచ్ కెరీర్ రికార్డు తప్పుల్లేకుండా తయారుచేయడం ఎలా

హాల్ ఆఫ్ ఫేమ్ నామినేషన్ కోసమో, పదవీ విరమణ సంచిక కోసమో అమెరికన్ కాలేజీ ట్రాక్ కోచ్ విజయాల చిట్టా రాయాల్సి వస్తుంది. అందరూ ముందుగా టైటిళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఏ సీజన్లో ఏ జట్టుకు ఆయన ఏ హోదాలో ఉన్నారన్నది. అది కుదిరితే టైటిళ్ల లెక్క దానంతటదే తేలుతుంది.

ముందు సీజన్ల పట్టిక

ఒక విద్యా సంవత్సరంలో మూడు సీజన్లుంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా ఆరుబయలు దారుల్లో దూర పరుగు), చలికాలంలో ఇండోర్, మార్చి తర్వాత ఔట్‌డోర్. అంటే 1987-88 విద్యా సంవత్సరానికి క్రాస్ కంట్రీ 1987లో, ఇండోర్, ఔట్‌డోర్ 1988లో పడతాయి. 1987 వేసవిలో చేరిన కోచ్‌కు 1987 ఔట్‌డోర్ టైటిల్ రాసేయడం తరచూ కనిపించే తప్పు.

లూసియానా స్టేట్ మహిళల జట్టు 1987 నుంచి 1997 దాకా వరసగా 11 సార్లు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) ఔట్‌డోర్ టైటిల్ గెలిచింది. హెడ్ కోచ్‌గా ప్యాట్ హెన్రీ మొదటి ఔట్‌డోర్ సీజన్ 1988. కాబట్టి ఆ 11లో ఆయన ఖాతాకు వచ్చేవి 10. "11 వరుస టైటిళ్ల కోచ్" అని రాస్తే ముందున్నవారి టైటిల్ ఒకటి లాక్కున్నట్టే.

పట్టికలో ఒక్కో సీజన్‌కు ఒక్కో వరస పెట్టండి. నిలువు గడులు: సంవత్సరం, సీజన్, పురుషులా మహిళలా, కోచ్ హోదా (సహాయకుడు, ఈవెంట్ కోచ్, హెడ్ కోచ్, డైరెక్టర్), కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమిలో) స్థానం, జాతీయ పోటీలో స్థానం, పాయింట్లు, ఆ సమాచారం ఎక్కడ దొరికింది. చివరి గడి ఖాళీగా వదలొద్దు. రెండు చోట్ల రెండు అంకెలు కనిపించిన రోజున దాని విలువ తెలుస్తుంది.

హోదా గడి కూడా అంతే ముఖ్యం. జాన్ మెక్‌డనల్ 1972లో ఆర్కన్సా విశ్వవిద్యాలయానికి వచ్చింది క్రాస్ కంట్రీ కోచ్‌గా. ట్రాక్ బాధ్యత కూడా చేతికొచ్చింది 1970ల చివర్లో. వచ్చిన ఏడాది నుంచే అన్ని జట్లకూ హెడ్ కోచ్ అనుకుంటే లెక్క మొదట్లోనే చెడుతుంది.

టైటిళ్లను విడగొట్టి చూపండి

మెక్‌డనల్ పేరు మీద 40 జాతీయ టైటిళ్లున్నాయి: క్రాస్ కంట్రీ 11, ఇండోర్ 19, ఔట్‌డోర్ 10. పాత పత్రికల్లో 42 అని కనబడితే కంగారుపడొద్దు. 2004, 2005 ఔట్‌డోర్ టైటిళ్లను ఎన్‌సీఏఏ తర్వాత రద్దు చేసింది. రద్దయిన టైటిల్‌ను పట్టికలోంచి చెరిపేయకుండా వరస ఉంచి, "రద్దయింది" అని పక్కన రాసి, మొత్తంలో కలపకుండా వదలడమే పద్ధతి. చెరిపేస్తే రేపు ఎవరో పాత పేపరు పట్టుకొచ్చి మళ్లీ కలుపుతారు.

పంచుకున్న టైటిళ్లదీ అదే సంగతి. ఒరెగాన్‌లో బిల్ బవర్‌మన్ జట్టు 1962, 1964, 1965, 1970లలో ఎన్‌సీఏఏ గెలిచింది. వీటిలో 1965 టైటిల్ సదరన్ కాలిఫోర్నియాతో కలిసి వచ్చింది. 1970లో ఒరెగాన్, కాన్సాస్, బ్రిగమ్ యంగ్ మూడూ సమానంగా నిలిచాయి. నాలుగు టైటిళ్లనడం తప్పు కాదు గానీ, "ఉమ్మడి" అన్న మాట ఆ రెంటి పక్కనా ఉండాలి.

ఏ సంస్థ టైటిలో రాయడం మరవొద్దు. ఎన్‌సీఏఏ పురుషుల ఔట్‌డోర్ పోటీ 1921 నుంచి ఉంది. మహిళలకు ఎన్‌సీఏఏ పోటీలు 1981-82 విద్యా సంవత్సరంలోనే మొదలయ్యాయి. అంతకుముందు దశాబ్దంలో ఏఐఏడబ్ల్యూ (మహిళల కాలేజీ క్రీడల సంఘం), ఇంకా వెనక్కి వెళ్తే ఏఏయూ (అమెచ్యూర్ క్రీడల సంఘం). టెనెసీ స్టేట్‌లో కోచ్ ఎడ్ టెంపుల్ మహిళల జట్టు టైగర్‌బెల్స్ గెలిచిన జాతీయ టైటిళ్లు ఏఏయూవి. "ఎన్‌సీఏఏ టైటిళ్లు: సున్నా" అని రాస్తే అక్షరాలా నిజమే, అర్థంలో అన్యాయం. ఆయన జట్టు గెలుచుకుంటున్న రోజుల్లో మహిళలకు ఎన్‌సీఏఏ పోటీయే లేదు.

పాయింట్లు సరిచూసే లెక్క

ఇప్పటి ఎన్‌సీఏఏ జాతీయ పోటీలో మొదటి 8 స్థానాలకు పాయింట్లు: 10, 8, 6, 5, 4, 3, 2, 1. కలిపితే ఈవెంట్‌కు 39. ఔట్‌డోర్‌లో 21 ఈవెంట్లు, కాబట్టి అన్ని జట్ల పాయింట్లూ కలిపితే 819 రావాలి. రాలేదంటే ఎక్కడో ఎత్తిరాయడంలో పొరపాటు, లేదా ఏదో ఫైనల్లో డిస్‌క్వాలిఫికేషన్ వల్ల ఒక స్థానం ఖాళీ. ఎక్కువ వస్తే మాత్రం తప్పు ఖాయం.

సమాన స్థానాలు వచ్చినప్పుడు ఆ స్థానాల పాయింట్లన్నీ కలిపి పంచుతారు. హైజంప్‌లో ఇద్దరు మూడో స్థానంలో నిలిస్తే 6, 5 కలిపి ఒక్కొక్కరికి 5.5. ముగ్గురు ఐదో స్థానంలో నిలిస్తే 4, 3, 2 కలిపి తలా 3. అందుకే జట్టు స్కోరులో అర పాయింట్లు కనిపిస్తాయి. అవి అచ్చు తప్పులనుకుని సరిచేయబోవద్దు. పాత రోజుల్లో పాయింట్ల పద్ధతి వేరు. 1970లో 35 పాయింట్లతో గెలిచిన జట్టును ఇప్పటి జట్టు స్కోరుతో పోల్చడం అర్థం లేని పని.

క్రాస్ కంట్రీ దీనికి తలకిందులు. ఏడుగురు పరిగెడతారు, మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చిన జట్టు గెలుస్తుంది. అత్యుత్తమ స్కోరు 15. ఆరు, ఏడో రన్నర్లు స్కోరులోకి రాకపోయినా ఎదుటి జట్టు వాళ్లను వెనక్కి నెడతారు. ఒకే గడిలో ఔట్‌డోర్ 52, క్రాస్ కంట్రీ 52 రెండూ వివరణ లేకుండా పెడితే చదివేవాళ్లకు తల తిరుగుతుంది.

కాలేజీ రికార్డుల జాబితా

అసలు చిక్కంతా ఇక్కడ. కోచ్ హయాంలో ఎన్ని కాలేజీ రికార్డులు బద్దలయ్యాయన్నది అందరికీ ఇష్టమైన అంకె. కానీ పోలికకు నిలిచే మార్కులనే పోల్చాలి.

హ్యాండ్ టైమింగ్‌తో మొదలుపెడదాం. స్టాప్‌వాచ్ మీద 10.32 కనిపిస్తే దాన్ని పైకి సరిచేసి 10.4గా రాస్తారు, 10.3గా కాదు. మనిషి తుపాకీ పొగ చూసి బటన్ నొక్కేసరికి కొంత ఆలస్యం అవుతుంది. అందువల్ల చేతి టైమ్ అసలు కన్నా తక్కువగా పడుతుంది. ఆటోమేటిక్ టైమ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకు 0.24, 400 మీటర్లకు 0.14 కలపాలి. అంటే ఆ 10.4 పోలికలో 10.64 అవుతుంది. 10.58 ఆటోమేటిక్ పరుగు దానికన్నా మెరుగు. అయితే 10.64 అన్నది పోల్చుకోవడానికే. రికార్డు పుస్తకంలో 10.4 అనే ఉంచి, పక్కన "హ్యాండ్" అని రాయాలి. ఎవరూ తీయని టైమ్‌ను రికార్డుగా అచ్చువేయకూడదు.

200 మీటర్ల దాకా పరుగులకు, స్ప్రింట్ హర్డిల్స్‌కు, లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్‌లకు వెనకగాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ మార్కు రికార్డుకు పనికిరాదు. అలాగని దాన్ని పారేయనక్కర్లేదు, "అన్ని పరిస్థితుల్లో" అని ఇంకో జాబితాలో పెట్టండి. గాలి కొలతే లేని మార్కును "గాలి తెలియదు" అనే చెప్పండి.

యార్డుల కాలం 1970ల మధ్య దాకా సాగింది. 440 యార్డులంటే 402.34 మీటర్లు. ఆ టైమ్‌ను 400 మీటర్ల జాబితాలోకి కలిపేయొద్దు. ఫీల్డ్ ఈవెంట్లలో ఇంకో ఇబ్బంది ఉంది. 25 అడుగుల 4 అంగుళాల లాంగ్‌జంప్‌ను మీటర్లలోకి మారిస్తే 7.72 వస్తుంది. ఆ 7.72ను తిరిగి అడుగుల్లోకి, పావు అంగుళానికి తగ్గించి మారిస్తే 25 అడుగుల 3¾ అంగుళాలు. జంప్ ఎక్కడికీ పోలేదు, పావు అంగుళం మాత్రం మాయమైంది. అందుకని ఆ రోజు ఏ కొలతలో కొలిచారో దాన్నే అసలు మార్కుగా ఉంచాలి.

జావెలిన్‌కు రెండు జాబితాలు తప్పవు. పురుషుల జావెలిన్ డిజైన్ 1986లో, మహిళలది 1999లో మారింది. గరిమనాభి ముందుకు జరగడంతో దూరాలు తగ్గాయి. పాత రికార్డును కొత్త జావెలిన్‌తో దాటలేదని కోచ్‌ను తప్పుపట్టలేం. ఇండోర్‌లోనేమో ట్రాక్ రకం రాయాలి: 200 మీటర్ల వాలు మలుపులదా, చదునైనదా, అంతకన్నా పెద్దదా. ఇక రిలేలో మొదటి రన్నర్ తప్ప మిగతావాళ్ల స్ప్లిట్ (తమ వంతు పరుగుకు పట్టిన టైమ్) ఎప్పటికీ 400 రికార్డు కాదు. వాళ్లు కదులుతూ బ్యాటన్ అందుకుంటారు.

ఆల్-అమెరికన్లు, ఒలింపియన్లు

ఇప్పటి పద్ధతిలో జాతీయ పోటీలో మొదటి 8 స్థానాలకు ఫస్ట్ టీమ్, 9 నుంచి 16 దాకా సెకండ్ టీమ్ ఆల్-అమెరికన్ గౌరవం ఇస్తారు. ఒకే అమ్మాయి 100, 200, రిలే కలిపి ఒక్క పోటీలో మూడు సార్లు అందుకోవచ్చు. ఒక రిలే ఒక్కసారిగా నలుగురికి తెస్తుంది. కాబట్టి "ఎన్ని గౌరవాలు" అన్నది ఒక లెక్క, "ఎంతమంది అథ్లెట్లు" అన్నది మరో లెక్క. రెండూ ఇవ్వండి.

ఒలింపియన్ల విషయంలో మాట జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఎడ్ టెంపుల్ శిక్షణలో 40 మంది ఒలింపిక్స్‌కు వెళ్లారు, 23 పతకాలు తెచ్చారు, అందులో 13 స్వర్ణాలు. వాళ్లలో విల్మా రుడాల్ఫ్ 1956 మెల్‌బోర్న్‌లో రిలే కాంస్యం గెలిచేనాటికి 16 ఏళ్ల హైస్కూల్ విద్యార్థిని, వేసవి శిబిరాల్లో టెంపుల్ దగ్గర సాధన చేసేది. 1960 రోమ్‌లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది కాలేజీ అథ్లెట్‌గా. మొదటిది "ఆయన దగ్గర సాధన చేసిన అమ్మాయి", రెండోది "ఆయన కాలేజీ జట్టు అమ్మాయి". చదువయ్యాక వేరే కోచ్ దగ్గరికి వెళ్లి పతకం తెచ్చినవాళ్లను మూడో వరసలో, "పూర్వ విద్యార్థి" అని రాయండి. త్రోలు, జంప్‌లకు సాధారణంగా ప్రత్యేక కోచ్ ఉంటారు. హెడ్ కోచ్ పేరు పక్కన ఆ పేరు కూడా చేర్చితే ఆయన గొప్పతనం తగ్గదు.

కోచ్ ఆఫ్ ది ఇయర్ అవార్డులు కాన్ఫరెన్స్, ప్రాంతీయ, జాతీయ స్థాయుల్లో వేర్వేరుగా ఉంటాయి. సంవత్సరం, సీజన్, ఇచ్చిన సంస్థ రాస్తే చాలు.

సమాచారం ఎక్కడిది

పోటీ ముగిసిన రోజున వచ్చిన ఫలితాల షీటు అన్నిటికన్నా నమ్మదగినది. తర్వాత మర్నాటి పత్రిక. ఆ తర్వాతే కాలేజీ మీడియా గైడు (విలేకరుల కోసం ఏటా వేసే జట్టు వివరాల పుస్తకం), ఎందుకంటే అది ఏటా పాతదాన్ని చూసి ఎత్తిరాసేది. ఒకసారి దొర్లిన తప్పు ఇరవై ఏళ్లు అచ్చవుతూనే ఉంటుంది. మూడు సంచికల్లో ఉంది కదా అని మూడు ఆధారాలు అనుకోవద్దు, అది ఒక్కటే ఆధారం. కోచ్ చెప్పిన జ్ఞాపకాలను ఏ షీటు వెతకాలో తెలుసుకోవడానికి వాడండి, అంకెల కోసం కాదు.

చివర్లో రాసే పరిచయ పేరా పట్టిక నుంచే పుట్టాలి. మొదటి వాక్యంలో ఏ కాలేజీ, ఏ జట్లు, ఏ సీజన్ నుంచి ఏ సీజన్ దాకా. రెండో వాక్యంలో టైటిళ్ల మొత్తం, వెంటనే దాని విభజన. మూడో వాక్యంలో ఆల్-అమెరికన్ రెండు లెక్కలు. "ఎన్నో", "అనేక" అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా ఆగి పట్టిక తెరవండి. అంకె దొరికితే అంకె పెట్టండి, దొరక్కపోతే ఆ వాక్యం తీసేయండి.