కొంకిపురుగు తలలో పళ్ల లెక్క తేలకపోతే

నక్క, పునుగుపిల్లి వంటి అడవి జంతువుల పేగుల్లో దొరికే కొంకిపురుగు (హుక్‌వర్మ్) ఏ జాతిదో చెప్పేది ముందుగా దాని నోటిగిన్నె అంచున ఉన్న పళ్లే. లెక్క కుదరనప్పుడు పురుగుని అనుమానించకండి, ముందు అది స్లైడు మీద ఎలా పడుకుందో చూడండి.

ఒక్క జత పళ్లే కనిపిస్తున్నాయి

కారణం: పురుగు పక్కకి తిరిగి ఉంది. దీని తల వీపువైపు వంగి ఉంటుంది, నోరు కూడా అటే తెరుచుకుంటుంది. పక్క నుంచి చూస్తే ఒకవైపు పళ్ల మీద రెండోవైపు పళ్లు పడతాయి, చిన్న పన్ను పెద్దదాని చాటున దాక్కుంటుంది. తల కోసి నిటారుగా నిలబెట్టినా ఏటవాలు దృశ్యమే వస్తుంది.

పరిష్కారం: లాక్టోఫినాల్ (పురుగుని పారదర్శకంగా చేసే ద్రవం) చుక్కలో పురుగుని ఉంచి, పైన కప్పే పల్చటి గాజుబిళ్ల, అంటే కవర్‌స్లిప్ అంచుని సూదితో మెల్లగా పక్కకి నెట్టండి. పురుగు దొర్లుతుంది. వీపు పైకి రాగానే ఆపి, మైక్రోస్కోప్ 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో తల పట్టుకుని 40కి మారండి.

మూడు జతలుంటే ఆంకైలోస్టోమా ప్రజాతిలోని కానైనం కావచ్చు. పిల్లిజాతిలో దొరికే ట్యూబిఫార్మెకీ మూడే, కాబట్టి తొందరపడొద్దు. ఒక పెద్ద జత, దాని లోపలివైపు స్పష్టమైన చిన్న జత ఉంటే అదే ప్రజాతిలోని సిలానికం. ఆ లోపలి జత మరీ చిన్నదైతే బ్రెజిలియెన్సె. ఈ రెండింటి తేడా నిపుణుల్నే తికమకపెట్టింది: 1911లో పరాన్నజీవి శాస్త్రవేత్త లూస్ సింహళంలో పునుగుపిల్లి నుంచి వర్ణించిన సిలానికంని తర్వాత బ్రెజిలియెన్సెలో కలిపేశారు, 1951లో బియోకా అనే శాస్త్రవేత్త మళ్లీ విడదీశాడు. అందుకే మగ పురుగు తోకగొడుగు (తోక చివర గొడుగులా విచ్చుకునే పొర) కిరణాలు, అంటే దాన్ని మోసే ఊచలు కూడా చూడాలి. పళ్ల బదులు పలకలుంటే అది అన్సినేరియా అనే వేరే ప్రజాతి.

ఇంకో జత ఎక్కడినుంచో వచ్చింది

గిన్నె అడుగున ఉండే ముక్కోణపు ముళ్లవి. ఫోకస్ కిందికి దించినప్పుడే తేటపడితే లెక్కలోంచి తీసేయండి.

నోట్లో ముద్ద అడ్డం

పేగు పొర కొరికి పట్టుకునే ఉంది. బతికున్నప్పుడే 0.9 శాతం ఉప్పునీటిలో, మూత బిగించిన సీసాలో బాగా ఊపితే చాలావాటికి వదులుతుంది. చచ్చాక కుదరదు, ఇంకో పురుగు తీసుకోండి.

వంకర తిరిగి దొర్లడం లేదు

చల్లని ఆల్కహాల్‌లో చంపారు. నీటిస్నానంలో 60–65 డిగ్రీలకు వేడిచేసిన 70 శాతం ఆల్కహాల్‌లో వేస్తే సాగి చస్తుంది. మంట దగ్గర పెట్టొద్దు.

తల మసకగా ఉంది

లాక్టోఫినాల్ ఇంకా లోపలికి ఇంకలేదు. ఫినాల్ 1, లాక్టిక్ ఆమ్లం 1, గ్లిసరిన్ 2, నీరు 1 పాళ్లలో కలిపి రాత్రంతా ఉంచండి. ఫార్మలిన్‌లో నానినవాటికి ఇంకా ఎక్కువ పడుతుంది. గ్లౌజులు తప్పనిసరి, ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది.

గిన్నె నలిగి పళ్లు విరజిమ్మాయి

కవర్‌స్లిప్ బరువు. విరిగిన కవర్‌స్లిప్ ముక్కల్ని ఇరువైపులా రెండేసి పేర్చి, వాటిమీద మూయండి. నలిగిన తలకి కొలతలు తీసి లాభం లేదు.