కీమోస్టాట్ నడిపే ముందు చూసుకోవాల్సినవి

కీమోస్టాట్ అంటే ఒకవైపు తాజా మీడియా (పోషక ద్రవం) అందిస్తూ, మరోవైపు అంతే ద్రవం బయటికి తీస్తూ బ్యాక్టీరియాను ఆపకుండా పెంచే పాత్ర. ముందు లెక్క తేల్చుకోండి. గంటకు లోపలికి వెళ్లే మీడియాను పాత్రలోని ద్రవ పరిమాణంతో భాగిస్తే డైల్యూషన్ రేటు వస్తుంది. స్థిరస్థితిలో బ్యాక్టీరియా పెరిగే వేగమూ అంతే. అది గరిష్ఠ వృద్ధిరేటును దాటితే కణాలు పుట్టే వేగం కన్నా కొట్టుకుపోయే వేగమే ఎక్కువవుతుంది, పాత్ర ఖాళీ నీళ్లలా తేటబడుతుంది. 1950లో శాస్త్రవేత్తలు మోనో ఒకవైపు, నోవిక్, సిలార్డ్ మరోవైపు వివరించిన సూత్రమిదే.

- మీడియా చాలుతుందా? 500 మి.లీ. కల్చర్‌కు (బ్యాక్టీరియా పెరుగుతున్న ద్రవానికి) డైల్యూషన్ రేటు గంటకు 0.2 అనుకుంటే గంటకు 100 మి.లీ. పోవాలి. పాత్రలోని ద్రవం ఐదు రెట్లు మారి స్థిరస్థితి రావడానికే 25 గంటలు, రెండున్నర లీటర్లు. కొలతలు మొదలయ్యేది ఆ తర్వాతే.

- పంపు మీది అంకెను నమ్మకండి. ట్యూబు నలిగేకొద్దీ ప్రవాహం మారుతుంది. కొలజాడీలో పట్టి, గడియారం చూసి కొలవండి.

- అన్నిటికన్నా నాకు భయం ఫీడ్ గొట్టం గురించే. బ్యాక్టీరియా తడి గోడ పట్టుకుని ఎదురెక్కి మీడియా సీసాలోకి చేరతాయి. మధ్యలో డ్రిప్ చాంబర్ పెట్టి, మీడియా చుక్క చుక్కగా గాలిలోంచి పడేలా చూడండి. చుక్కలు కలిసి ధారగా మారితే ఆ రక్షణ పోయినట్టే.

- గాలి ఫిల్టర్లు పొడిగా ఉండాలి.

- వ్యర్థాల సీసా రాత్రికి నిండిపోదు కదా? అందులోని ద్రవాన్ని ఆటోక్లేవ్ చేయకుండా (అధిక పీడన ఆవిరితో క్రిములను చంపకుండా) పారబోయొద్దు.

- విత్తనం (మొదటి బ్యాక్టీరియా) వేయగానే పంపు తిప్పకండి. బ్యాచ్‌గా (కొత్త మీడియా ఇవ్వకుండా) పెరగనిచ్చి, వేగంగా రెట్టింపయ్యే లాగ్ (log) దశ చివర్లో మొదలుపెట్టండి.