మొదటి ఆదివారానికి ముందు: పాపం ఒప్పుకోవడం, సరిచేసుకోవడం, క్షమాపణ అందుకోవడం

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు బాప్టిస్టు సంఘాల్లో చాలాచోట్ల నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, పాత్ర తీసుకునే ఆరాధన ఉంటుంది. ‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అని పాస్టరుగారు చదువుతారు. అర నిమిషం మౌనం. కళ్లు తెరిచేలోపు రొట్టె పళ్లెం ముందు వరస దాటి వచ్చేస్తుంది. ఆ అర నిమిషంలో ఎవరైనా ఏం పరీక్షించుకుంటారు? గురువారం రాత్రే కూర్చోండి. ఎవరి గడప అయినా తొక్కి సరిచేసుకోవాల్సింది బయటపడితే శుక్ర, శనివారాలు చేతిలో ఉంటాయి.

కావాల్సింది ఒక తెల్లకాగితం, పెన్ను, గంట సమయం. ఫోను పక్క గదిలో పెట్టండి. దావీదు తన పాపం ఒప్పుకున్న 51వ కీర్తన నిదానంగా రెండుసార్లు చదివి రాయడం మొదలుపెట్టండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు తండ్రీ’ అనే మాట నోటికి అలవాటైపోయింది. అందులో ఏ పాపమూ లేదు. ప్రతి పాపానికీ నాలుగు సంగతులు రాయాలి: ఎవరికి చేశాను, ఏం చేశాను, ఎంత, ఎందుకు. ‘వ్యాపారంలో కొంచెం అటూ ఇటూ అయింది’ అని రాస్తే లాభం లేదు. ‘కోతలప్పుడు ఫలానా రైతు దగ్గర కాటాలో పుట్టికి 10 కిలోలు ఎక్కువ లాగాను, 12 పుట్లు, డబ్బు మీద ఆశతో’ అని రాయాలి (పుట్టి అంటే ధాన్యం కొలత). చెయ్యి వణుకుతుంది, వణకనివ్వండి. రాశాక మళ్లీ చదివి ‘అందరూ చేసేదే’, ‘వాడు మాత్రం తక్కువ తిన్నాడా’, ‘సాతాను చేయించాడు’ లాంటివి ఎక్కడున్నా కొట్టేయండి. దావీదు ఆ కీర్తనలో మొదటి నుంచి చివరిదాకా ఒక్క సాకు కూడా చెప్పలేదు.

చేయకుండా వదిలేసినవీ రాయాలి: ఊళ్లో ఉన్న అమ్మకు మందుల డబ్బు పంపకపోవడం, కూలీలకు శనివారం ఇస్తానన్నది నెల తిప్పుకోవడం. కులం పేరెత్తి ఒకరిని తక్కువ చేసిన మాట కూడా రాయండి. సంఘాల్లో చాలామంది దాన్ని పాపాల లెక్కలో వేయరు. వేయాలి.

తర్వాత ఒక ప్రశ్న: ఇది ఎప్పటికీ ఎవరికీ తెలియదని ఖాయంగా తెలిసినా నేను మానేస్తానా? పరువు పోతుందన్న ఏడుపు వేరు, దేవుణ్ణి నొప్పించానన్న ఏడుపు వేరు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 7వ అధ్యాయంలో వీటిని విడదీసి చెప్పాడు. మన ఒంగోలు వైపే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. గంజి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే.

ఇప్పుడు కాగితంలోని ఒక్కొక్క పాపాన్నీ పైకి చదివి దేవునితో చెప్పండి. మనసులో అనుకుంటే జారిపోతుంది. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వారైతే గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు, అంటే పాపాలు ఒప్పుకుంటారు, అక్కడ చెప్పింది ఆయన బయటపెట్టకూడదు. గూడూరు వైపు లూథరన్ సంఘాల్లో ఆరాధన మొదట్లోనే ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన ఉంటాయి. పద్ధతి ఏదైనా ఈ కాగితం పనికొస్తుంది.

ఇక అసలు కష్టం, మనుషులతో సరిచేసుకోవడం. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం ఒప్పుకున్నవాడు తీసుకున్నది మొత్తం ఇచ్చి, దానిలో ఐదో వంతు కలపాలి. పై లెక్కలో 12 పుట్లకు 120 కిలోలు, ఐదో వంతు 24, మొత్తం 144 కిలోల వడ్ల ధర. సువార్తలోని పన్నుల వసూలుదారు జక్కయ్యలా నాలుగింతలు ఇస్తానంటే 480 కిలోలు. ఇది క్షమాపణకు కట్టే వెల కాదు, ఎదుటివాడికి జరిగిన నష్టానికి జవాబు. ఆ రైతు చనిపోయి ఉంటే పిల్లలకివ్వండి. ఎవరూ లేకపోతే పేరు రాయకుండా బీదల కానుకలో వేయండి.

మాటతో చేసిన పాపం ఇంతకంటే కష్టం. పక్కింటి అమ్మాయి సంబంధం చెడేలా ముగ్గురి దగ్గర నోరు జారారనుకుందాం. వెళ్లి చెప్పాల్సింది ఇంతే: ‘వదినా, మీ పాప గురించి నేను ముగ్గురితో ఒక మాట అన్నాను. అది అబద్ధం. తప్పు నాదే. ఈ సాయంత్రం ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి అబద్ధమని చెప్తాను. నన్ను క్షమించు.’ ‘నువ్వు బాధపడి ఉంటే క్షమించు’ అనొద్దు, తప్పు ఆమె బాధలోకి జారిపోతుంది. ఆమె తలుపేసుకుంటే తిరిగి వచ్చేయండి, ఆమెకు సమయం కావాలి. అందరితో సమాధానంగా ఉండడం ‘మీ చేతనైనంత మట్టుకు’ అనే రోమా పత్రిక 12వ అధ్యాయం అంటుంది.

పాపం ఎంతమందిని తాకిందో ఒప్పుకోలూ అంతమంది ముందే. భార్యకు చేసిన ద్రోహాన్ని ఉపవాస ప్రార్థన కూడికలో మైకు పట్టుకుని సాక్ష్యంగా చెప్తే ఆమెను రెండోసారి గాయపరిచినట్టే. ఇంకో సంగతి, ఇది కచ్చితంగా చెప్పాలి: కొట్టే భర్తను క్షమించడం అంటే మళ్లీ దెబ్బలు తినడానికి వెళ్లడం కాదు. స్త్రీల సహాయానికి 181 ఉంది. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాన్ని సంఘ పెద్దలు కూర్చుని రాజీ చేయకూడదు. 1098కి, పోలీసులకు చెప్పాల్సిందే. చేసినవాడు పశ్చాత్తాపపడ్డా కేసు కేసే.

ఇంతవరకూ వచ్చినవాళ్లు కూడా చివర్లో ఆగిపోతారు. క్షమాపణ అడుగుతారు, చేయి చాపి తీసుకోరు. యేసును పట్టించిన యూదా ‘పాపము చేసితిని’ అన్నాడు, 30 వెండి నాణాలు తిరిగి ఇచ్చేశాడు. ఒప్పుకోలు ఉంది, సొమ్ము వాపసు ఉంది. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, ‘దానితో మాకేమి’ అన్నవాళ్ల దగ్గరికి. పేతురు కూడా యేసును ఎరగనన్నాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు, అయినా ఒడ్డున యేసు కనబడగానే నీళ్లలో దూకి ఆయన దగ్గరికే వెళ్లాడు. తేడా అంతా అక్కడుంది.

కాబట్టి చెల్లించాల్సినవి వేరే కాగితం మీద ఎత్తిరాసుకుని మొదటిది చించేయండి. యోహాను మొదటి పత్రిక 1:9 పైకి చదివి ‘నన్ను క్షమించావు, వందనాలు’ అని చెప్పండి. ఆ పాపానికి మళ్లీ క్షమాపణ అడగొద్దు. 21 రోజుల ఉపవాసం, పెద్ద కానుక మొక్కుకుంటే అది మళ్లీ కూలి లెక్కే. రాత్రి మళ్లీ నింద వస్తే గమనించండి: పరిశుద్ధాత్మ గద్దింపు ‘ఫలానా మాట, ఫలానా మనిషి’ అని వేలు పెట్టి చూపుతుంది. ‘నువ్వెందుకూ పనికిరావు’ అని మొత్తంగా నలిపేది ఆయన స్వరం కాదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా ప్రార్థనతోపాటు డాక్టరు కావాలి. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, పాస్టరమ్మగారికో నమ్మకమైన మనిషికో చెప్పండి. అదే పాపంలో మళ్లీ పడితే కొత్తగా ఒప్పుకోండి, పాతది తవ్వొద్దు. పడేచోటు మాత్రం మూయాలి, ఆ కాటా మార్చాలి, ఆ ఫోను రాత్రిళ్లు హాల్లో పెట్టాలి.

అర్హత లేదని బల్లకు నెలల తరబడి దూరంగా కూర్చునేవాళ్లున్నారు. పాస్టరుగారు చదివే ఆ వచనం రెండో సగం చూడండి: ‘ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను.’ పరీక్షించుకుని మానేయమని లేదు. 144 కిలోల డబ్బు ఒకేసారి చేతికి రాకపోతే రైతుతో మాట్లాడి నెలకింత అని ఒప్పుకోండి, మొదటి విడత శనివారంలోపు ఇవ్వండి. ఆదివారం పళ్లెం మీ వరసకు వచ్చినప్పుడు రొట్టె తీసుకుని పక్కవారికి అందించండి.