విదేశాలకు వెళ్తూ ఇంటిని రోజుల అద్దెకు ఇస్తున్నారా?

2023లో మా అమ్మాయి పురుడుకని డాలస్ వెళ్లాం. ఆరు నెలల పాటు హైదరాబాద్ మియాపూర్‌లోని ఫ్లాట్‌కు తాళం వేసి ఉంచడం ఎందుకని, ఆన్‌లైన్‌లో పెట్టి రోజుల లెక్కన అద్దెకిచ్చాం. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు, ఆసుపత్రి పనుల మీద వచ్చినవాళ్లు దిగారు. అందరూ మంచివాళ్లే, ఇంట్లో ఒక్క గ్లాసు కూడా పగల్లేదు. దెబ్బ తగిలింది ఇంకో వైపు నుంచి.

జూలైలో జోరు వాన. వంటింటి వెనక బాల్కనీలో నీళ్లు పోయే జాలీకి ఒక పాలప్యాకెట్ కవరు అడ్డం పడింది. అతిథులు తాళం వేసుకుని ఊర్లోకి వెళ్లారు. నీళ్లు వంటింట్లోకి వచ్చి, స్లాబులోంచి దిగి, కింది ఫ్లాట్ వాళ్ల పడకగదిలో ఫ్యాన్ కొక్కెం నుంచి కారడం మొదలైంది. వాచ్‌మన్ ఫోన్ చేసేసరికి హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండు, డాలస్‌లో తెల్లవారుజామున మూడున్నర. ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఆరున్నరకు లేచి చూస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్. అప్పటికి కింది వాళ్ల పరుపు, దాని కింద పెట్టెలో పట్టుచీరలు తడిసి ముద్దయ్యాయి. రెండో తాళంచెవి ఎక్కడుందంటే, డాలస్‌లో నా హ్యాండ్‌బ్యాగులో.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే. ఇంటి ఫొటోలు తీయడానికి ముందే తాళంచెవి ఎవరి చేతిలో పెట్టి వెళ్తారో తేల్చుకోండి. ఆ మనిషి ఇరవై నిమిషాల్లో మీ గుమ్మం ముందుండాలి. అర్ధరాత్రైనా ఫోన్ ఎత్తాలి. ఐదారు వేల ఖర్చుకు మిమ్మల్ని అడగకుండా ప్లంబర్‌ను పిలిపించగలగాలి. వాచ్‌మన్ ఒక్కడి మీద వదిలేయొద్దు, అతనికి గేటు పనే సరిపోతుంది. బంధువులకు అప్పగిస్తే ఊరికే చేయించుకోవద్దు. మొహమాటంతో మొదటి నెల చేస్తారు, మూడో నెలకు విసిగిపోతారు. అతిథులు దిగిన ప్రతిసారీ ఇంతని మాట్లాడుకుని, పదివేలు అడ్వాన్సుగా చేతిలో పెట్టి, ఎలక్ట్రీషియన్, లిఫ్ట్, అసోసియేషన్ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. వానాకాలంలో వారానికోసారి బాల్కనీ జాలీ చూడమని ఆ కాగితంలో మొదటి లైనుగా రాయండి.

తర్వాత అసోసియేషన్. చాలా అపార్ట్‌మెంట్లలో రోజుల అద్దెలకు ఒప్పుకోరు. నోటిమాట నమ్ముకుని వెళ్తే, మీరు విమానంలో ఉండగా అతిథులను గేటు దగ్గర ఆపేస్తారు. అనుమతి మెయిల్‌లో తీసుకోండి. గేటు యాప్‌లో అనుమతి అడిగే మెసేజ్ మీ ఫోన్‌కే వస్తుంటే, తాళంచెవి ఉన్న మనిషి నంబరు కూడా అందులో చేర్పించండి. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాళ్లు అడిగే కోడ్ కూడా మీ నంబరుకే వస్తుంది, కాబట్టి ఇండియా సిమ్ ఆపేయకండి. అసలు ఇంటి అవసరాలకిచ్చిన సిలిండర్‌ను ఇలాంటి వ్యాపారానికి వాడకూడదు. ఇండక్షన్ స్టవ్ పెట్టి, గ్యాస్ కనెక్షన్ మూసేయడమే మేలు. బాత్‌రూంలో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం ఆలోచించకుండా తీసేయించండి. కిటికీ మూసి స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. ఆ సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు.

ఒక గదికి తాళం వేసి మీ సామానంతా అందులో పెట్టండి. బంగారం, దస్తావేజులు, చెక్కుబుక్కులు మాత్రం బ్యాంకు లాకర్‌కే వెళ్లాలి. డ్రాయర్లలో పడి ఉన్న ఆధార్ జిరాక్సులు ఏరి చింపేయండి. టీవీలో మీ అకౌంట్లు లాగౌట్ చేయండి. ఇంటి లోపల కెమెరా పెట్టాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. రోజుల అద్దె బుకింగులు చూసే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. పడకగదిలోనో బాత్‌రూంలోనో పెడితే అది నేరుగా పోలీసు కేసే.

ప్రతి అతిథి వెళ్లగానే, తర్వాతివాళ్లు దిగేలోపే, గది గదికీ వీడియో తీయించండి. నష్టం జరిగితే ఎయిర్‌బీఎన్‌బీలో 14 రోజుల్లోపే అడగాలి. ఇంటి బీమా ఉందిలే అన్న ధీమా వద్దు. భారత్ గృహ రక్ష లాంటి పాలసీలో అగ్నిప్రమాదం, వరద లాంటివి ఉంటాయి గానీ మామూలు దొంగతనం ఉండదు, అది విడిగా తీసుకోవాలి. అద్దెకిస్తున్న సంగతి బీమా కంపెనీకి రాసి చెప్పండి.

బుక్ చేసిన ఒక్కరివే కాదు, దిగే పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ తీసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, అంటే విదేశీయుల నమోదు కార్యాలయానికి, ఆన్‌లైన్‌లో తెలపాలి. ఇదివరకు సి ఫారం అనేవారు దాన్ని. పెళ్లికి వచ్చిన మన తెలుగు పిల్లలైనా సరే, చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్ట్ అయితే విదేశీయుల లెక్కే. ఈ వివరాలు పంపడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ ప్రయాణానికి ముందే చేసి పెట్టుకోండి. పాన్ నంబర్ కూడా ప్లాట్‌ఫామ్‌లో ఎక్కించాలి, లేకపోతే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 5 శాతం కోస్తారు. వచ్చిన అద్దె ఆదాయపు పన్ను రిటర్నులో చూపాల్సిందే.

అన్నిటికన్నా నాకు భయం వేసే మాట ఇంకొకటి ఉంది. "ఆంటీ, ఇంకో రెండు నెలలు ఉంటాం, డబ్బులు నేరుగా మీకే వేస్తాం, కమిషన్ మిగులుతుంది కదా" అంటారు. ఒప్పుకోవద్దు. అలా చేస్తే బుకింగ్ రికార్డు ఉండదు, ప్లాట్‌ఫామ్ రక్షణ ఉండదు. రెండు నెలలయ్యాక ఖాళీ చేయమంటే, మేం అద్దెకున్నవాళ్లం అని వాదనకు దిగితే మీరు అమెరికాలో కూర్చుని చేయగలిగింది ఏమీ ఉండదు. నిజంగా ఎక్కువ రోజులకు ఇవ్వాలనిపిస్తే లాయర్‌తో లైసెన్స్ ఒప్పందం (అద్దె హక్కు కాకుండా, ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చేది) రాయించి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో వివరాలిచ్చి అప్పుడు ఇవ్వండి.

తిరిగి వచ్చే తేదీకి వారం ముందు నుంచి బుకింగులు ఆపేయండి. వచ్చిన రోజే తాళం మార్పించండి. ఆరు నెలల్లో ఆ చెవి ఎన్ని చేతులు మారిందో, ఎవరు నకలు చేయించుకున్నారో మనకు తెలిసే దారి లేదు.