వానలు పడకముందే చూస్కోవాల్సినవి: డోగోన్ ఊళ్ళలో పురుగుల పేర్లు సేకరించేవాళ్ళ కోసం జాగ్రత్తలు

మాలీ దేశంలో బండియాగరా కొండ అంచు దగ్గర వానాకాలం దాదాపు జూన్‌లో మొదలై సెప్టెంబర్ దాకా నడుస్తుంది, ఒక్కోసారి అక్టోబర్‌లోకి కూడా సాగుతుంది. అక్కడుండే డోగోన్ జనం మాట్లాడే భాషల్లో పురుగుల పేర్లు రాసుకోవాలంటే ఇంతకన్నా మంచి సీజన్ లేదు, మిగతా ఎనిమిది నెలలు నేలలోనో గుడ్డులోనో దాక్కున్నవన్నీ అప్పుడే బయటికొస్తాయి కాబట్టి. కానీ కుట్టేవి, బొబ్బలు లేపేవి, మలేరియా దోమ, ఇవన్నీ వచ్చేది కూడా అప్పుడే. భాషాశాస్త్రం చదివేవాళ్ళైనా, ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) వాళ్ళైనా ఏప్రిల్, మే నెలల్లోనే ప్రిపేర్ అవ్వాలి, అక్కడికెళ్ళాక చూద్దాంలే అంటే కుదరదు.

అన్నిటికన్నా ముందు సెక్యూరిటీ గురించి చెప్పాలి, దీన్ని దాటేసి పురుగుల గురించి మాట్లాడితే తప్పవుతుంది. 2012 నుంచి మాలీ ఉత్తరాన మొదలైన గొడవలు తర్వాత మోప్తీ ప్రాంతానికి, అంటే సరిగ్గా డోగోన్ వాళ్ళుండే చోటికి పాకాయి. 2019 మార్చి 23న బంకాస్ దగ్గర ఒగోసాగూ అనే ఫులానీల (పశువులు కాసే ఇంకో జనం) ఊరి మీద జరిగిన దాడిలో 150 మందికి పైగా చనిపోయారు, ఆ తర్వాత డోగోన్ ఊళ్ళ మీద కూడా దాడులు జరిగాయి, రెండు వైపులా చాలామంది ఊళ్ళొదిలేసి వచ్చేశారు. కాబట్టి పరిస్థితి చక్కబడేదాకా కొండ అంచు ఊళ్ళకి వెళ్ళొద్దు అనే నేను గట్టిగా చెప్తాను. ఒక పేరు కోసం మీ ప్రాణం మీదికి తెచ్చుకోవడం అటుంచండి, మీరొచ్చారని ఆ ఊరి మీద ఎవరి కన్నన్నా పడితే అది ఊళ్ళోవాళ్ళకి ప్రమాదం. రాజధాని బమాకోలో డోగోన్ భాషలు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో కూర్చుని పని చేయొచ్చు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి, బమాకోలో వాన బండియాగరా కన్నా బాగా ఎక్కువ, అక్కడ లైటు కింద దొరికే పురుగులన్నీ కొండ దగ్గర ఉండేవి కావు, అందుకని బమాకో పురుగు చూపించి అడిగితే, మాట్లాడేవాళ్ళు తమ ఊళ్ళో దానికి దగ్గరగా ఉండే దాని పేరు చెప్పే అవకాశం ఉంది. స్పెసిమెన్ (పట్టిన పురుగు నమూనా) ఎక్కడ పట్టారో పేరు పక్కనే రాయండి. కింద ఊళ్ళ గురించి చెప్పేవన్నీ పరిస్థితి చక్కబడ్డాక వెళ్ళేవాళ్ళ కోసం.

ఇంకో విషయం, డోగోన్ అంటే ఒక్క భాష కాదు. ఇరవైకి పైగా భాషలున్నాయి, జమ్సాయ్, తొమ్మో సో, తోరో సో, తోగో కన్, బెన్ తేయ్, నంగా, బునొగే ఇలా. వాటి మధ్యలోనే బంగిమే అనే భాష ఉంది, మాట్లాడేవాళ్ళు తామూ డోగోన్‌లమే అంటారు కానీ ఆ భాషకి చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. 2023 రాజ్యాంగంలో మాలీ జాతీయ భాషలన్నిటికీ అధికార హోదా వచ్చింది, ఫ్రెంచ్ పని భాషగా మిగిలింది. రేపు స్కూలు పుస్తకాల్లో, వ్యవసాయ శాఖ పాంప్లెట్లలో ఈ పేర్లు కావాలి, అందుకే మనం తప్పు రాస్తే అది మన నోట్‌బుక్‌లోనే ఆగిపోదు.

ఇప్పుడు నా అసలు సలహా. పురుగుల పేర్లు సేకరించడానికి వెళ్ళేవాళ్ళు ఏ భాషలో పని చేస్తున్నారో ఆ భాషలో మొట్టమొదట నేర్చుకోవాల్సింది హాని చేసేవాటి పేర్లు. తేలు, జెర్రి, కందిరీగ, తేనెటీగ, బొబ్బల పురుగు, ఒళ్ళంతా వెంట్రుకలున్న గొంగళి, దోమ, పాము, ఇవి. ఇవి ముందు రాసుకుని, రికార్డ్ చేసుకుని, నోటికొచ్చేదాకా వినండి. డోగోన్ భాషల్లో స్వరం హెచ్చుతగ్గుల వల్ల మాట అర్థం మారిపోతుంది, అందుకే కాగితం మీద రాసుకున్నది చాలదు, చెవికి పట్టాలి. చీకట్లో పక్కనున్న పెద్దాయన ఒక్క మాట అరిస్తే, అది ఫ్రెంచ్‌లోకి మారి మీకర్థమయ్యేలోపు చెయ్యి అక్కడ పెట్టేసి ఉంటారు. "ముట్టుకోవద్దు", "కుడుతుంది", "విషం" అనే మాటలు కూడా ఈ లిస్టులోనే పెట్టుకోండి. పిల్లలతో తిరిగేటప్పుడు రూల్ ఒకటే, వాళ్ళు చేత్తో పట్టుకునేది మీరు అడిగి పట్టుకోండి, వాళ్ళు పుల్లతో కదిపేది మీరు కూడా పుల్లతోనే.

మలేరియా సంగతి. మనవాళ్ళలో చాలామంది "మాకు మలేరియా కొత్తేం కాదు" అనుకుంటారు, అది పెద్ద పొరపాటు. మన దగ్గర వైవాక్స్ రకం కూడా బాగా ఉంటుంది, మాలీలో దాదాపు అంతా ఫాల్సిపారమే, ఆలస్యం చేస్తే మెదడుకెక్కి చంపేసే రకం. క్లోరోక్విన్ దాని మీద నమ్ముకోదగ్గ మందు కాదు. బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడి డాక్సీసైక్లిన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ లాంటి వాటిలో మీకు ఏది సరిపోతుందో చూస్కోండి, మధ్యలో మానేయొద్దు, డాక్సీ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఈ దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా. మన పనేమో రాత్రి తెల్ల దుప్పటి కట్టి లైటు పెట్టి పురుగుల్ని రప్పించడం! అందుకని ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవడం, రిపెల్లెంట్, మందు పట్టించిన దోమతెర, ఇవి లేకుండా లైట్ ట్రాప్ పెట్టొద్దు. లైటు ఇళ్ళకి దూరంగా పెట్టండి, మీ పని కోసం పక్కింటి పిల్లల దగ్గరికి దోమల్ని పిలవడం న్యాయం కాదు.

బొబ్బల పురుగు, ఇంగ్లీషులో బ్లిస్టర్ బీటిల్ అనేది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. సాహెల్‌లో, అంటే సహారా ఎడారికి దక్షిణాన ఉండే మెట్ట నేలల్లో, సజ్జ వెన్ను తీసి పూత మీదున్నప్పుడు, అంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో, ఇవి గుంపులుగా వచ్చి పూత తినేస్తాయి, రాత్రి లైటుకి కూడా వస్తాయి, రైతులు మంటలు పెట్టి అందులో పడేలా చేస్తారు. ఈ పురుగు కుట్టదు, కరవదు, అదే మోసం. మెడ మీద వాలిందని చేత్తో నలిపేస్తే కీళ్ళ దగ్గర్నించి పసుపు రంగు ద్రవం వస్తుంది, అందులో కాంథరిడిన్ అనే విషం ఉంటుంది, అప్పటికప్పుడు నొప్పేం ఉండదు, కొన్ని గంటలయ్యాక బొబ్బ లేస్తుంది. కాబట్టి నలపొద్దు, ఊదేయండి లేదా కాగితంతో తోసేయండి, తగిలితే వెంటనే సబ్బుతో కడగండి, బొబ్బ చిదమొద్దు, ఆ చేత్తో కళ్ళు అస్సలు ముట్టుకోవద్దు. కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, పట్టిన సీసాలు తిండి దగ్గర, పిల్లలకి అందేచోట పెట్టొద్దు.

తేనెటీగలు అక్కడివి మన పుట్ట తేనెటీగల్లాంటివి కావు, ఆఫ్రికా రకం, తొందరగా రేగుతాయి, వెంటపడి దూరం దాకా వస్తాయి. కొండ సందుల్లో, బావోబాబ్ చెట్ల తొర్రల్లో ఉంటాయి. సెంటు కొట్టుకుని వెళ్ళొద్దు. లేస్తే మొహం కప్పుకుని పరిగెత్తి ఏదో ఒక ఇంట్లోకి పోవాలి, నిలబడి చేతులు ఊపొద్దు. ఎలర్జీ ఉన్నవాళ్ళు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ లేకుండా బయల్దేరొద్దు, హాస్పిటల్ దూరం.

తేళ్ళకి మామూలు జాగ్రత్తే, బూట్లు దులిపి వేసుకోవడం, రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టి మీ వైపు తెరుచుకోకుండా ఎత్తడం, రాత్రి టార్చ్. రాళ్ళు ఎత్తేముందు అక్కడ ఎత్తొచ్చా అని కూడా అడగండి, ఊరి చుట్టూ పూజ చేసే చోట్లు ఉంటాయి, కొండ గుహల్లో పాత సమాధులుంటాయి, కొత్తవాళ్ళకి మామూలు బండలాగే కనిపిస్తాయి. తడి బట్టలు బయట ఆరేస్తే వాటి మీద గుడ్లు పెట్టే ఈగ ఒకటుంది పశ్చిమ ఆఫ్రికాలో, టుంబు ఈగ అంటారు, పిల్ల పురుగు చర్మంలోకి దూరి గడ్డ అవుతుంది, అందుకే లోపలి బట్టలతో సహా అన్నీ ఇస్త్రీ చేసే వేసుకోండి.

మిడతల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, పేర్లు బాగా దొరికేది అక్కడే. మిడత పంటకి శత్రువు, పిల్లలకి తిండి, అందుకే రకరకాలుగా విడదీసి పేర్లు పెట్టుకున్నారు. సెనెగల్ మిడత వానతో పాటు ఉత్తరానికి పోయి, వాన తగ్గేటప్పుడు దక్షిణానికి తిరిగొస్తుంది, కాబట్టి జూలైలో చూపించిన దాన్ని సెప్టెంబర్‌లో మళ్ళీ చూపించి అడగండి, పిల్లదశకి వేరే పేరుంటే అప్పుడు తెలుస్తుంది. జిల్లేడు చెట్టు మీద ఉండే మిడత మాత్రం తినేది కాదు, జిల్లేడు విషం దాని ఒంట్లో ఉంటుంది, పట్టుకుంటే చిమ్ముతుంది, మన ఊళ్ళలో జిల్లేళ్ళ మీద కనిపించే రంగురంగుల మిడతకి అది దగ్గరి చుట్టం. తినే మిడతలు అయినా, పురుగుమందు కొట్టిన చేలో పట్టినవి తినొద్దు, పిల్లలకీ చెప్పండి.

ఇక పేర్లు పాడవకుండా జాగ్రత్తలు. ఫోటో చూపించి పేరడగడం చివరి దారిగా పెట్టుకోండి, ఫోటోలో సైజు తెలీదు, అరుపు వినపడదు, ఏ మొక్క మీదుందో కనపడదు, వాళ్ళేమో మిమ్మల్ని నిరాశ పరచకూడదని ఏదో ఒకటి చెప్తారు. బతికున్న పురుగు చూపించి "ఇదేంటి" అనే అడగండి, "ఇది ఫలానాదేనా" అని అడిగితే అవుననే జవాబొస్తుంది. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళ ముందు అనకుండా విడిగా మళ్ళీ అడగండి. ముసలాయనకి తెలిసినవి వేరు, మేకల వెంట తిరిగే పిల్లాడికి తెలిసినవి వేరు, గింజలు నిలవ చేసే ఆడవాళ్ళకి తెలిసిన ముక్కుపురుగులు ఇంకా వేరు. ఇరవై రకాల చిన్న పెంకు పురుగులకి ఒకటే పేరు చెప్తే అదే రాయండి, ఒక్కోదానికి ఒక్కో పేరు కావాలని ఒత్తిడి పెడితే మీ కోసం అప్పటికప్పుడు పుట్టించిన పేర్లు డిక్షనరీలోకెక్కుతాయి, ఆ ప్రమాదం చాలా పెద్దది, తర్వాత ఎవరూ సరిచేయలేరు. ఆరు కాళ్ళా ఎనిమిది కాళ్ళా అని మీరు ముందే వడకట్టొద్దు, తొలివానకి నేల మీద పాకే ఆరుద్ర పురుగునీ, గోమారినీ, రోకలిబండనీ కూడా చూపించండి, వాళ్ళు దేన్ని దేంతో కలుపుతారో వాళ్ళే చెప్తారు.

వానాకాలం అంటే అక్కడ కలుపు కాలం, సేద్యం కాలం. పొద్దున పూట ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, చేలోకే వెళ్ళండి, అడిగి వెళ్ళండి, సాళ్ళు తొక్కొద్దు. సంతకి అయిదు రోజుల వారం నడిచే చోట్లున్నాయి, సంత రోజు చూసుకుని ప్లాన్ చేస్కోండి. పలకరింపులు పొడుగ్గా ఉంటాయి, ఇల్లు, పిల్లలు, పని అన్నీ అడగడం అయ్యాకే పురుగు మాట ఎత్తండి. వాళ్ళు మీ కోసం పెట్టిన టైముకి డబ్బివ్వండి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరు వెయ్యొచ్చా అని అడిగి వేయండి.

స్పెసిమెన్లకి తేమ, చీమలు రెండూ గండమే. మెత్తటివి డెబ్భై శాతం ఆల్కహాల్‌లో, గట్టివి ఎండబెట్టి సిలికా జెల్‌తో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, బల్ల కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టండి, లేకపోతే ఒక్క రాత్రిలో చీమలు ఖాళీ చేస్తాయి. లేబుల్ పెన్సిల్‌తోనే రాయండి, ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఆల్కహాల్ అక్కడే ఫార్మసీలో కొనుక్కోండి, విమానంలో ఇబ్బంది. దేశం బయటికి తేవాలంటే మాలీ అనుమతి కాగితం చేతిలో ఉండాలి, లేకపోతే పట్టినవి బమాకోలోనే అప్పజెప్పి ఫోటోలు తెచ్చుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా మాలీలో దిగడానికి తప్పనిసరి, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు పోగొట్టుకోవద్దు, తిరిగి ఇండియాలో దిగినప్పుడు అది లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇంటికొచ్చాక కొన్ని నెలల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, వైరల్ అని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టర్ అడక్కపోయినా "మాలీ నుంచి వచ్చాను" అని మీరే ముందు చెప్పండి.